తోరణం సరే, దండెం ఏదీ?

వరంగల్‌లో కాకతీయ తోరణం కంటబడకుండా ఒక కిలోమీటరు నడవడం కష్టం. ఖిలాలో కూలిపోయిన స్వయంభూ శివాలయానికి నలుదిక్కులా నిలిచిన ఆ నాలుగు రాతి ద్వారాలు కార్యాలయాల ముఖద్వారాల మీదికి, కూడళ్లలోకి, పెళ్లిపత్రికల మీదికి, చివరికి మిఠాయి డబ్బాల మీదికి కూడా ఎక్కాయి. 2024లో రాష్ట్ర చిహ్నంలోంచి ఆ తోరణాన్ని తీసేస్తారన్న మాట పుట్టగానే నిరసనలు లేచాయి. అందులో వింతేమీ లేదు. ఆ రాయే తన ముఖం అనుకున్న ఊరు, ముఖం చెరిపేస్తామంటే ఎందుకు ఊరుకుంటుంది? అయితే ఆ కోట గోడల లోపల ఈనాటికీ కాపురాలున్నాయి. దండేల మీద బట్టలారుతుంటాయి, గుమ్మాల ముందు మంచాలు వాల్చి ఉంటాయి. తోరణాన్ని ఫోన్లో బంధించేవాళ్లు ఆ దండేలు బొమ్మలో పడకుండా రెండడుగులు పక్కకు జరుగుతారు. మన చిత్రకళ కూడా చాలాకాలంగా అలా పక్కకు జరిగే నిలబడింది. ఈ నగరానికి రాజుల ముఖం ఉంది, బస్తీ ముఖం లేదు. ఆ ముఖాన్ని గీయించుకోవడం సరదా పని కాదు, నగరం తన గురించి తాను తెలుసుకోవడంలో మిగిలిపోయిన పని అన్నది నా వాదన.

మాట తేటపడాలంటే కొంచెం దూరం వెళ్లాలి. 1913లో జార్జ్ బెల్లోస్ అనే అమెరికన్ చిత్రకారుడు న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ అద్దె ఇళ్లను గీశాడు. ఆ చిత్రం పేరు ‘క్లిఫ్ డ్వెల్లర్స్’. కొండ చరియల్లో గూళ్లు కట్టుకుని బతికేవాళ్లు అని ఆ పేరు ధ్వని. నిలువూ అడ్డమూ ఇంచుమించు సమానంగా, మూడున్నర అడుగులు కూడా సరిగా లేని గుడ్డ మీద ఎన్నో కుటుంబాలు కిక్కిరిసి ఉంటాయి. రెండు వైపులా ఇళ్లు ఎత్తుగా లేచి ఆకాశాన్ని ఒక చీలిక చేశాయి. ఆ చీలికకు అడ్డంగా, ఒక ఇంటి నుంచి ఎదుటి ఇంటికి, ఉతికిన బట్టల తాళ్లు. కిటికీల్లో, ఇనుప మెట్ల మీద మనుషులు. కింద ఎండపడ్డ చోట పిల్లలు, మెట్ల మీద ఆడవాళ్లు, వెనక జనం మధ్య ఇరుక్కున్న ట్రాము. ఇదే దృశ్యాన్ని ఆయన ముందుగా రేఖాచిత్రంగా గీసి ‘ది మాసెస్’ అనే సోషలిస్టు పత్రికకు ఇచ్చాడు. అది ఆ ఏడాది ఆగస్టు సంచికలో వచ్చింది. దాని శీర్షిక, వీళ్లంతా సెలవులకు పల్లెలకు ఎందుకు పోరో అనే ఒక ఎత్తిపొడుపు, ఉన్నవాళ్ల నోటి మాటగా పెట్టింది. తైలవర్ణ చిత్రానికి వచ్చేసరికి ఆ ఎత్తిపొడుపు పోయింది, మనుషులు మిగిలారు. ఆ బొమ్మను 1916లోనే లాస్ ఏంజిలిస్ కౌంటీ కొనుక్కుంది. న్యూయార్క్ ఇరుకు ఖండానికి అటు చివర గోడకెక్కింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ అద్దె ఇళ్ల దుర్భరత్వాన్ని లోకానికి చాటింది బెల్లోస్ కాదు. అంతకు 23 ఏళ్ల ముందు, 1890లో, జేకబ్ రీస్ అనే విలేఖరి ఫొటోలతో ఒక పుస్తకం వేశాడు. చీకటి గదుల్లోకి రాత్రిపూట వెళ్లి, ఫ్లాష్ పొడి భగ్గున మండించి తీసిన ఫొటోలవి. ఆ వెలుగుకు బెదిరిన కళ్లు వాటిలో కనిపిస్తాయి. ఆయన లాంటివాళ్ల పోరు ఫలితంగానే 1901లో న్యూయార్క్‌లో అద్దె ఇళ్ల చట్టం వచ్చింది. గాలీ వెలుతురూ లేని గదులు కట్టకూడదన్నారు. అంటే బెల్లోస్ ఈ బొమ్మకు కుంచె పట్టేనాటికి చట్టం వచ్చి 12 ఏళ్లు. మరి ఆయన బొమ్మ ఏం సాధించినట్టు? చట్టం విషయంలో ఏమీ లేదనే చెప్పాలి. కానీ రీస్ ఫొటోలో మనిషి ఒక ఫిర్యాదుకు రుజువు, బెల్లోస్ బొమ్మలో మనిషి ఒక వీధికి సొంతదారు. అక్కడి మనుషులు మనల్ని చూసి బెదరరు, చేయి చాచరు. అసలు మనవైపు చూసే తీరికే వాళ్లకు లేదు. ఫొటో అర్జీ అయితే చిత్రం పరిచయం. అర్జీలకు మన దగ్గర కరువు లేదు. పరిచయానికే కరువు.

వరంగల్ ఇరుకుకు ఒక చరిత్ర ఉంది, అది కాకతీయులది కాదు. 1934లో ఏడో నిజాం కొడుకు పేరు మీద ఇక్కడ ఆజంజాహి మిల్లు వెలిసింది. సైరన్ మోతతో నిద్రలేచే ఊరు అప్పుడు పుట్టింది. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి క్వార్టర్లలో, ఆ క్వార్టర్లకు ఆనుకుని లేచిన గూన ఇళ్లలో సర్దుకున్నారు. 1974లో మిల్లు జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. 1990ల నాటికి కునారిల్లి, 2002కల్లా పూర్తిగా మూతపడింది. స్థలాలు ప్లాట్లయ్యాయి. ఇంకోపక్క కొత్తవాడలో జంపఖానాల నేత. 1851 లండన్ మహాప్రదర్శన దాకా వెళ్లిన ఓరుగల్లు తివాచీలకు వారసత్వంగా వచ్చిన పని అది, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. గుర్తింపు బట్టకు దక్కింది, నేసే గదికి కాదు. ఆ వాడల నుంచి, చుట్టుపక్కల నేత పల్లెల నుంచి భీవండికీ సూరత్‌కూ షోలాపూర్‌కూ వలసపోయినవాళ్లు ఇక్కడి ఇరుకును విడిచి అక్కడి ఇరుకులో చేరారు. అంతకు ముందు తరాల్లో బొంబాయికి మట్టిపనికి, రాతిపనికి పోయిన తెలుగు కామాటీల పేరే కామాటిపురకు వచ్చింది. తెలంగాణ మనిషి నగర జీవితం అంటే చాలా మటుకు ఒకే అర్ర, ఒకే పొయ్యి, గోడకు అవతల ఇంకో సంసారం. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 37.1 శాతం కుటుంబాలు ఒక్క గదిలోనే ఉంటున్నాయని తేలింది. మూడింట ఒక వంతుకు పైగా. అంత పెద్ద వాస్తవం మన గోడల మీది బొమ్మల్లో ఎక్కడుంది?

న్యూయార్క్ ఇరుకు నిలువుది, మనది అడ్డంగా పరుచుకున్నది. అక్కడ అంతస్తు మీద అంతస్తు, ఇక్కడ గల్లీ పక్కన గల్లీ. పొద్దున నల్లా వచ్చే వేళకు ఒక పాత వాడలోని గల్లీ ఎలా ఉంటుందో తలుచుకోండి. బిందెలు వరుసలో ఉంటాయి, వాటి వెంట మనుషులుండరు. ఒక బిందె బదులు ఒక ఇటుక, ఇంకోదాని బదులు అరిగిన చెప్పు. ఆ చెప్పు ఎవరిదో వాడంతా ఎరుగు కాబట్టి దాని వంతు ఎవరూ దాటరు. రాత్రి వాకిట్లో పరుచుకున్న నులకమంచం ఇప్పుడు గోడకు నిలబడి దండేనికి గుంజ అయింది. స్కూటర్ సగం గల్లీలో, సగం ఇంట్లో. ఒక ముసలామె గడప మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. ఆమె కాళ్ల మీదుగా బడి బట్టల్లో ఒక పిల్లవాడు మోరీ దూకుతాడు. ఒకరి కిటికీ చువ్వ నుంచి ఎదుటివాళ్ల రేకు అంచు దాకా కట్టిన తీగ మీద ఆరుతున్న లుంగీ కింద తల వంచి ఒకతను పళ్లు తోముకుంటున్నాడు. ఇందులో పేదరికం ఉంది, కాదనేది ఎవరు? కానీ అంతకన్నా ఎక్కువగా ఒక లెక్క ఉంది, మర్యాద ఉంది, గంట గంటకూ మారే హద్దులున్నాయి. నాలుగడుగుల గల్లీని ఇరవై కుటుంబాలు రోజంతా పంచుకునే ఈ విద్యను ఏ సర్వే ఫారమూ పట్టుకోలేదు. ఒకే చట్రంలో పది పనులను ఒక్కసారి చూపగల చిత్రం పట్టుకుంటుంది.

మరి మన చిత్రకారులు దీన్ని ఎందుకు ముట్టుకోలేదు? వాళ్ల మీద నింద వేయడం తేలిక, న్యాయం కాదు. అప్పటి వరంగల్ జిల్లా పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకొచ్చి రామప్పను, పురాణ ఘట్టాలను తన కుంచెతో మళ్లీ నిలబెట్టారు. సిద్దిపేట కాపు రాజయ్య బోనాలను, బతుకమ్మను గీశారు. కరీంనగర్ జిల్లా పల్లె నుంచి వచ్చిన తోట వైకుంఠం పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, నిండైన ఒళ్లు ఉన్న తెలంగాణ ఆడమనిషిని దేశమంతా గుర్తుపట్టేలా చేశారు. మన యాసనే ఎగతాళి చేసిన కాలంలో ఆ పల్లె ముఖాన్ని అంత ఠీవిగా నిలబెట్టడం చిన్న పని కాదు. అదొక రాజకీయ పని కూడా. ఆనాటి అవసరం అలాంటిది. కానీ ఆ పల్లె మనుషుల పిల్లలే ఇప్పుడు హన్మకొండలో, కోచింగు సెంటర్ల వెనక గదుల్లో నలుగురైదుగురు కలిసి కిరాయికి ఉంటున్నారు. బోనం ఎత్తిన ఆ తల్లి కూతురు కాశిబుగ్గలో రేకుల ఇంట్లో ఉంటోంది. ఆమెకు బొమ్మలో చోటు దొరకాలంటే మళ్లీ పల్లెకు పోయి బోనం ఎత్తాల్సిందే అన్నట్టుంది వ్యవహారం. కొనేవాళ్ల సంగతి సరే సరి. హోటలు లాబీలో బతుకమ్మ ఒప్పుతుంది, బిందెల వరుస ఒప్పదు.

బస్తీని పట్టించుకున్నవాళ్లు అసలే లేరని కాదు. వామపక్ష ఉద్యమాల పోస్టర్లు, కవర్ పేజీలు, గోడరాతలు ఆ పని చేశాయి, ఓరుగల్లులో మరీ ఎక్కువగా చేశాయి. అయితే ఆ బొమ్మల్లో బీదవాడు రెండు రూపాల్లోనే కనిపించాడు: ఎముకల గూడుగా, లేదా బిగించిన పిడికిలిగా. పిడికిలి బిగించని పూట అతను ఏం చేస్తాడు? నల్లా దగ్గర తగువు పడతాడు, మధ్యాహ్నం కునుకు తీస్తాడు, కూతురి జడకు రిబ్బను ముడి సరిగా రాక మళ్లీ వేస్తాడు. ఆ పూటల బొమ్మలు మనకు తక్కువ. ఈ ఇబ్బందినే కథగా చేసుకున్న సినిమా ఒకటి వచ్చింది. స్వయంగా చిత్రకారుడైన బి.నర్సింగరావు తీసి, నటించిన 1983 నాటి ‘రంగుల కల’. గద్దర్ గొంతు వినిపించే ఆ సినిమా తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. నగరంలో ఒక చిత్రకారుడు తన కళకూ తన చుట్టూ ఉన్న జనానికీ మధ్య దారి వెతుక్కోవడం అందులో కథ. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు. సినిమాలో అడిగిన ప్రశ్నకు జవాబు కాన్వాసు మీద రావాల్సి ఉంది.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి, మనకు కిక్కిరిసిన వాస్తవ చిత్రం అలవాటు లేదనే వాదన ఒకటుంది. అలా అనేవాళ్లు చేర్యాల పటాలను మరిచిపోయినట్టున్నారు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా చేర్యాల వరంగల్ జిల్లాలోనిదే. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద నకాషీలు గీసిన పటం మూడడుగుల వెడల్పుతో నలభై, యాభై అడుగుల దాకా సాగేది. ఎర్రటి నేల మీద అరలు అరలుగా కథ. ఒక్క అరలోనూ ఖాళీ వదలరు. ఇంటి లోపలా బయటా ఒకేసారి కనబడతాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఆ పటాలు ఎవరి కోసం గీశారన్నది. రాజుల కోసం కాదు. పద్మశాలీల కోసం మార్కండేయ పురాణం, గౌడుల కోసం గౌడ పురాణం, చాకలివాళ్ల కోసం మడేలు పురాణం. పద్మశాలీల పటం విప్పి కథ చెప్పడానికి కూనపులివాళ్లు ప్రత్యేకంగా ఉండేవాళ్లు. చేతివృత్తుల మనుషులు తమ కథను తమ వాడలోనే, తమ ఖర్చుతో, బొమ్మల్లో చూసుకున్న ప్రాంతం ఇది. ఆ పటం వాస్తవిక చిత్రం కాదన్నది నిజమే, అందులో ఉన్నది పుట్టుక కథ, నిన్నటి పొద్దు కాదు. కానీ కిక్కిరిసిన చట్రంలో కన్ను తప్పిపోకుండా చూడటం ఈ నేలకు వచ్చిన విద్యే. బెల్లోస్‌ను అరువు తెచ్చుకోనక్కర్లేదు.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. పేదల ఇరుకును రంగుల్లో ముంచి ఉన్నవాళ్ల గోడకు వేలాడదీయడం దోపిడీ కాదా? కొంతవరకు అవును. బెల్లోస్ ఆ అద్దె ఇళ్లలో ఉన్నవాడు కాదు, ఆయన బొమ్మ చూసి మెచ్చినవాళ్లూ కారు. ఆ ఎండ అంత అందంగా పడటం వల్ల చెమట వాసన కనబడకుండా పోయిందని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ ఈ అభ్యంతరం అసలు గీయవద్దని చెప్పదు, ఎక్కడ నిలబడి గీయాలన్న దాని గురించి చెబుతుంది. బొంబాయి పక్క ఠాణేలో రేడియాలజిస్టుగా పనిచేస్తూనే సుధీర్ పట్వర్ధన్ దశాబ్దాల పాటు ఆ నగర శ్రమజీవులను గీశారు. 2001లో గీసిన ‘లోయర్ పరేల్’లో మిల్లుల పేట మారిపోతున్న తీరు ఉంటుంది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగిన నగరం అది. ఆ మిల్లుల్లో మన తెలుగు నేతపనివాళ్లూ ఉండేవారు. రోజూ రోగుల ఎక్స్‌రేలు చూసే మనిషి గీసిన ఆ జనంలో జాలి ఉండదు, శ్రద్ధ ఉంటుంది. జాలిపడేవాడికి ఒక్క ముఖం చాలు, శ్రద్ధ ఉన్నవాడికే వీధిలోని అందరూ కావాలి. ఆ తేడా చూసేవాళ్లకు తెలుస్తుంది, బొమ్మలోని వాడ మనుషులకు ఇంకా బాగా తెలుస్తుంది. అసలు బస్తీవాళ్లు తమ బొమ్మ చూసి చిన్నబుచ్చుకుంటారనే భయం ఎక్కువగా బస్తీలో లేనివాళ్లదే.

చేతిలో ఫోను ఉండగా కుంచె ఎందుకనేవాళ్లకు జవాబు కొంత ముందే వచ్చింది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగినప్పుడు వేల వీడియోలు వచ్చాయి. మెడలోతు నీళ్లు, పడవలు, ఇంటి మిద్దె మీద మనుషులు. అవి కావాలి, అవి లేకపోతే నాలాల ఆక్రమణల మీద ఆమాత్రం చర్చ కూడా జరిగేది కాదు. కానీ ఆ వాడలు మనకు కనబడింది మునిగిన ఆ రెండు మూడు రోజులే. నీళ్లు తీయగానే వాటితో పాటే మన కంట్లోంచీ పోయాయి. మునగని 360 రోజులు అక్కడ ఏం జరుగుతుందో తెలియని నగరం, మునిగినప్పుడు వాళ్లను ఖాళీ చేయించాల్సిన జనంగా మాత్రమే చూస్తుంది. ముందు మోరీలు కట్టండి, తర్వాత బొమ్మలు గీద్దురు గానీ అని ఎవరైనా కసురుకుంటే, ఆ కసురులో న్యాయం ఉంది. మోరీ ముందే. అయితే గోడల మీద తోరణాలు గీయించడానికి డబ్బు దొరికినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయరు, గల్లీ మాట ఎత్తినప్పుడే మోరీ గుర్తొస్తుంది.

కాళోజీ పేరు మీద హన్మకొండలో కట్టిన కళాక్షేత్రం పదేళ్లు నానిన తర్వాత 2024 నవంబరులో తెరుచుకుంది. సామాన్యుడి గొడవను తన గొడవగా రాసుకున్న కవి పేరున్న భవనం అది. అక్కడ గోడలకు కొదవ ఉండదు. ఒక్క గోడనైనా కొత్తవాడకో, కరీమాబాద్‌కో, ఖిలా లోపలి ఇళ్లకో ఇవ్వవచ్చు. ఊరి చిత్రకారుణ్నో, చేర్యాల నకాషీనో, ఇద్దరినీ కలిపో ఏడాది పాటు ఆ వాడలో తిరగనివ్వవచ్చు. బొమ్మ పూర్తయ్యాక మొదట ఆ వాడవాళ్లే చూసి తప్పులు పట్టాలి. వాళ్లు పడతారు కూడా, ఆ నల్లా ఎడమపక్కన కాదు, కుడిపక్కన అని. ఆజంజాహి మిల్లు విషయంలో ఈ పని ఎవరూ చేయించలేదు. సైరన్ విన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, షిఫ్టు వదిలిన సాయంత్రం ఆ వీధి ఎలా ఉండేదో ఇప్పుడు ఊహించి గీయాల్సిందే.

చిత్రకారుడికి అక్కడ ఒక చిక్కు తప్పదు. బొమ్మ గీసేవాడు పని ఎలా వస్తోందో చూసుకోవడానికి నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. గల్లీలో వెనక్కి వేయడానికి నాలుగడుగులు ఉండవు, వీపు ఎదుటి గోడకు తగులుతుంది. గుంటమగ్గం ఉన్న ఇల్లయితే మరీ కష్టం. సగం గది మగ్గానిదే, మిగతా సగంలో సంసారం. కానీ ఆ గదిలోనే ఒక చోటుంది. నేతగాడు గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటాడు కనుక అతని కన్ను నేలకు కొద్ది ఎత్తులోనే ఉంటుంది. అక్కణ్నుంచి చూస్తే మొదట కనిపించేవి ముఖాలు కావు: పొయ్యి దగ్గరికి, నల్లా దగ్గరికి, గడపకూ మధ్య తిరిగే పాదాలు, గోడ వారన బడిసంచి, నీళ్ల బిందె అడుగు, కండెలు చుడుతున్న రాట్నం చక్రం, తెరిచిన దర్వాజలోంచి ఎదుటివాళ్ల దండెం మీది చీర కొంగు.